ప్రతి పాపమూ నేరమేనా? శిక్షించే అధికారానికి హద్దులు

 



ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో గునాహ్, జుర్మ్ అని రెండు మాటలు ఉన్నాయి. తెలుగులో వాటినే పాపం, నేరం అంటాము. పాపానికి దాసుడు అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవాలి. నేరానికి మేజిస్ట్రేటు ఎదుట జవాబు చెప్పుకోవాలి. ఈ రెండూ కొన్నిచోట్ల కలుస్తాయి. హత్య పాపమూ, నేరమూ కూడా. చాలాచోట్ల మాత్రం కలవవు, కలవనక్కర కూడా లేదు. వీటి మధ్య గీత ఎక్కడ గీయాలి అన్నదే ఈ వారం మనం ఆలోచించవలసిన విషయం.

ఇది పండితులకు మాత్రమే పనికివచ్చే చర్చ అని ఎవరైనా అనుకుంటే, మన మూడు ఊళ్ళలో వినిపించే మాటలను ఒకసారి గుర్తు చేసుకోవాలి. బంగారు అంగళ్ళకు రెండవ బొంబాయిగా పేరుపడిన ప్రొద్దుటూరులో క్రికెట్ పోటీల కాలం వచ్చిందంటే, పందేలు కాసే కుర్రవాళ్ళందరినీ జైల్లో వేయించాలని మనలో చాలామంది అంటారు. జమ్మలమడుగులోనూ, పులివెందులలోనూ బెల్టు షాపు దగ్గర తూలుతూ నిలబడినవాణ్ణి చూచి, తాగినవాడిపై కేసు పెట్టని ప్రభుత్వం ఒక ప్రభుత్వమా అంటారు. 2019లో ముమ్మారు తలాక్‌ను నేరంగా ప్రకటిస్తూ పార్లమెంటు చట్టం చేసినప్పుడు మాత్రం, మా ఇంటి వ్యవహారంలోకి పోలీసులు ఎందుకు అని అడిగినవారు కూడా వీరే. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుండి రావచ్చునా? రావచ్చు. అయితే రెండింటినీ ఒకే తూనికరాయితో తూచి ఉండాలి. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు మరొక రాయి వాడేవారిని దివ్య ఖుర్ఆన్ 83వ సూరా ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలుసు. ఆ హెచ్చరిక ధాన్యం కొలతలకు మాత్రమే పరిమితం కాదు.

ముందుగా షరీఅత్ ఏమి చేసిందో చూద్దాం. పరోక్షనింద, అంటే గీబత్, ఎంత హేయమైనదో చెప్పడానికి అల్లాహ్ దానిని చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చాడు (హుజురాత్ 12). కానీ దానికి ఎన్ని కొరడా దెబ్బలో ఎక్కడా నిర్ణయించలేదు. వడ్డీ తినేవారిపై అల్లాహ్, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉంది (బఖరా 279). ఇంతటి ఘోరమైన హెచ్చరిక మరే ఆర్థిక పాపానికీ రాలేదు. అయినా దానికి కూడా నిర్ణీత శిక్ష, అంటే హద్దు, లేదు. అసూయ, అహంకారం, అబద్ధం, తల్లిదండ్రుల మనసు నొప్పించడం వంటివి ఎన్నో మనిషిని నరకానికి ఈడ్చుకుపోగల పాపాలు. వీటిలో అత్యధికాన్ని షరీఅత్ న్యాయమూర్తి చేతికి అప్పగించకుండా, దాసుని మనస్సాక్షికీ, పశ్చాత్తాపానికీ, ప్రళయదినానికీ వదిలిపెట్టింది. పాపం తీవ్రత ఒక లెక్క, దానిని శిక్షించే అధికారం ఎవరిది అన్నది మరొక లెక్క. పాపం పెద్దదైతే జైలు తప్పనిసరి అనే వాదం మన ధర్మానిది కాదు.

శిక్ష నిర్ణయించిన చోట కూడా షరీఅత్ తలుపును ఎంత సన్నగా తెరిచిందో గమనించాలి. వ్యభిచార నేరారోపణకు నలుగురు ప్రత్యక్ష సాక్షులు కావాలి. ముగ్గురే వస్తే ఆ ముగ్గురికే దెబ్బలు (నూర్ 4). మాయిజ్ అనే వ్యక్తి తనంతట తానే వచ్చి పాపం ఒప్పుకుంటే, దైవప్రవక్త (సఅసం) పదే పదే ముఖం తిప్పుకున్నారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. అతణ్ణి వెళ్ళి చెప్పమని ప్రోత్సహించిన హజ్జాల్‌తో, నీ వస్త్రంతో అతణ్ణి కప్పివేసి ఉంటే నీకు మేలయ్యేది అనే భావం వచ్చేలా పలికారు. సందేహం ఉన్నచోట హద్దును తప్పించడం ఫుఖహాలందరికీ తెలిసిన సూత్రం.

ఖలీఫా ఉమర్ (రజి) గురించి ఒక ఉదంతం ప్రసిద్ధం. ఒక రాత్రి మదీనాలో గస్తీ తిరుగుతుండగా ఒక ఇంటి నుండి పాట వినిపించింది. ఆయన గోడ ఎక్కి లోపలికి దిగి చూస్తే, ఒక స్త్రీతో మద్యం ముందు పెట్టుకుని కూర్చున్న మనిషి కనిపించాడు. ఉమర్ గద్దించారు. ఆ మనిషి బెదరలేదు. నేను ఒక్క విషయంలో అల్లాహ్ మాట మీరితే, మీరు మూడింటిలో మీరారు అన్నాడు. గూఢచర్యం వద్దని ఆజ్ఞ ఉండగా మీరు గూఢచర్యం చేశారు. ఇళ్ళకు వాకిళ్ళ గుండా రమ్మని ఆజ్ఞ ఉండగా గోడ దూకారు. అనుమతి అడిగి, సలాం చెప్పి ప్రవేశించమని ఆజ్ఞ ఉండగా అదీ చేయలేదు. అపరాధి రాజ్యాధినేతకు ఖుర్ఆన్ వాక్యాలతో జవాబు చెబుతున్నాడు! ఉమర్ (రజి) అతణ్ణి ఇకపై మంచిగా ఉంటావా అని మాత్రం అడిగి, క్షమించి వెళ్ళిపోయారు. అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) దగ్గరకు ఒక మనిషి గురించి, వాడి గడ్డం నుండి సారాయి కారుతున్నదని ఫిర్యాదు వచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. కూపీలు తీయవద్దని మమ్మల్ని వారించారు, మాకు బహిరంగమైతే పట్టుకుంటాము అని ఆయన తేల్చి చెప్పారు. పాపాన్ని వెతకడం కోసం ఇంటి గోడలు దాటే హక్కు ఖలీఫాకే లేనప్పుడు, వీధిలో జట్లు కట్టి తిరిగే మన కుర్రవాళ్ళకు ఎక్కడి నుండి వస్తుంది?

దీనినుండి ఒక కొలత ఏర్పడుతుంది. ఈ పని ఎవరికైనా హాని చేసిందా, ఎవరి హక్కునైనా కాజేసిందా? ఇళ్ళలోకి తొంగి చూడకుండా దానిని రుజువు చేయగలమా? శిక్ష వేస్తే హాని పొందినవారికి ఏదైనా దక్కుతుందా, లేక వారి కష్టం రెట్టింపవుతుందా? చివరిది, మనం ఎక్కువగా మరచిపోయేది: చట్టం చేసిన తరువాత దాని కింద జైలుకు పోయేది నిజంగా ఎవరు? దేశంలోని జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. బెయిలుకు పూచీకత్తు ఇచ్చేవారు లేని పేదవాడే ఎక్కువకాలం లోపల ఉంటాడు. కనుక కొత్తగా ఒక పనిని నేరం చేయండి అని అడిగే ప్రతివాడూ, నేను ఫలానా పేదవాణ్ణి విచారణకు ముందే జైలుకు పంపమంటున్నాను అని తెలిసే అడగాలి.

రాజ్యం ఈ హద్దు దాటితే ఏమవుతుందో మన తెలుగు నేల చవిచూచింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దానిని మద్రాసు రాజధానికి, అంటే అప్పటి మన కడప జిల్లాకు కూడా, వర్తింపజేసింది. ఆ చట్టం ప్రకారం మనిషి ఏ పనీ చేయనక్కర లేదు, ప్రకటిత కులంలో పుడితే చాలు. ఎరుకలవారు ఒకప్పుడు ఉప్పు, ధాన్యం పశువులపై వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవారు. రైళ్ళు వచ్చాయి, ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యమయింది, ఆ వర్తకం దెబ్బతిన్నది. బ్రతుకుతెరువు పోయినవారికి బ్రతుకుతెరువు చూపవలసిన ప్రభుత్వం వారి వేలిముద్రలు తీసుకుని, హాజరు పట్టీలో పేర్లు రాసుకుంది. 1913లో బాపట్ల సమీపాన స్టువర్టుపురం వంటి సెటిల్మెంట్లు వెలిశాయి. చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31 నాడూ రద్దయింది. కాగితం మీద రద్దయిన మచ్చ మనుషుల నాలుకల మీద ఇంకా పోలేదు.

దీని పక్కన ఉమర్ (రజి) తీర్పు ఒకటి పెట్టి చూడండి. హాతిబ్ అనే వ్యక్తి దగ్గర పనిచేసే బానిసలు వేరొకరి ఒంటెను దొంగిలించి కోసుకుని తిన్నారు. మొదట శిక్షకు ఆదేశించిన ఉమర్, తరువాత యజమాని వైపు తిరిగి, వీళ్ళను నువ్వు ఆకలితో మాడుస్తున్నట్టు తోస్తున్నది అన్నారు. ఒంటె ఖరీదు నాలుగు వందల దిర్హములు అని తెలుసుకుని, యజమాని చేత ఎనిమిది వందలు కట్టించారు. హిజ్రీ 18వ సంవత్సరపు కరువులో దొంగతనానికి హద్దును నిలిపివేసినవారు కూడా వారే. ఆకలి ఎవరి వలన వచ్చిందో చూచిన పాలన అది. కులం పేరు మాత్రమే చూచినది బ్రిటిష్ పాలన.

ఇక మద్యం. ఈ విషయంలో మన జిల్లాకు ఎవరూ పెద్దగా చెప్పుకోని చరిత్ర ఒకటి ఉంది. 1937లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి సంవత్సరం దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అంటే దేశంలో ఆధునిక కాలపు మద్యనిషేధాన్ని అందరికంటె ముందుగా చూచిన జిల్లాల్లో మనది ఒకటి. యుద్ధకాలంలో అది సడలింది. 1948లో రాష్ట్రమంతటా అమలయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత ఈ నిషేధం మీదనే 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. గౌతు లచ్చన్నగారు గీతకార్మికుల పక్షాన సత్యాగ్రహం నడిపారు. చెట్టెక్కి కల్లు దించేవాడు ఖైదీ కావడం ఆయన ఫిర్యాదు. ఆ తరువాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి స్త్రీలు లేచారు. 1993లో సారాపైనా, 1995 జనవరిలో సమస్త మద్యంపైనా నిషేధం వచ్చింది. రెండేళ్ళకే, 1997లో, ప్రభుత్వం దానిని ఎత్తివేసింది.

దూబగుంట స్త్రీల కోపాన్ని తక్కువ చేసి చూడటం అన్యాయం. మద్యం తాగేవాడి ఒంటికి మాత్రమే పరిమితమైన విషయం అని చెప్పేవారు, కూలి డబ్బు దుకాణంలో ఇచ్చి ఇంటికి వచ్చి భార్యను కొట్టే మనిషి ఇంట్లో ఒక్క రాత్రి కూడా గడిపి ఉండరు. అయితే ఆ స్త్రీలు ఏమి అడిగారు? అంగడి మూయమన్నారు, వేలంపాట ఆపమన్నారు. తమ భర్తలను జైలుకు పంపడం వారి ఉద్యమ లక్ష్యం కాదు. వారి గురి అమ్మేవాడి మీద, అమ్మకం మీద ఆదాయం పొందే ప్రభుత్వం మీద ఉంది. సరైన గురి అదే.

షరీఅత్‌లో తాగినవాడికే దండన ఉన్నది కదా అని ఇక్కడ అడిగేవారుంటారు. ఉన్నది. కానీ అది బహిరంగమైన తప్పుకు, సాక్ష్యంతో, అధికారం గల న్యాయస్థానం విధించేది. ముస్లిమేతర పౌరులపై వారి పానీయం విషయంలో ఫుఖహాలు ఆ దండన విధించలేదు. మనం ఉన్నది అందరికీ ఒకే శిక్షాస్మృతి ఉన్న దేశంలో. పైగా మదీనాలో నిషేధం ఎలా వచ్చిందో గుర్తుంచుకోవాలి. మొదట దానిలో లాభం కంటె పాపమే ఎక్కువని చెప్పడం జరిగింది, తరువాత మత్తులో నమాజుకు రావద్దని, చివరకు పూర్తిగా మానమని (బఖరా 219, నిసా 43, మాయిదా 90). మొదటి రోజే మద్యం తాగవద్దని ఆజ్ఞ దిగి ఉంటే జనం మానము పొమ్మనేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్టు బుఖారీలో ఉంది. హృదయాలు సిద్ధమైన తరువాత ఆజ్ఞ వచ్చింది కనుకనే మదీనా వీధుల్లో మద్యం పారింది. 1995 నిషేధంలో ఆజ్ఞ వచ్చింది, హృదయాలు రాలేదు, దొంగసారా వచ్చింది. ఇంకొక హదీసు ఉంది. తాగి పదే పదే దండన పొందిన ఒక సహచరుణ్ణి ఎవరో శపిస్తే దైవప్రవక్త (సఅసం) వారించి, అతడు అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమించేవాడని చెప్పారు. మన మొహల్లాలో తాగుబోతుకు మనం పెట్టిన పేర్లు ఈ హదీసు ముందు నిలబడవు.

2024 జూలై నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ విషయంలో చేసింది సబబుగానే ఉంది. తాగడాన్ని కాదు, తాగి బహిరంగ స్థలంలో ఇతరులను ఇబ్బంది పెట్టడాన్ని చిన్న నేరంగా ఉంచి, దానికి ఒక రోజు లోపు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా సమాజసేవ అని పెట్టింది. భార్యపై చేయి చేసుకోవడం, తాగి బండి నడపడం, కల్తీ మద్యం అమ్మడం వేరు. అక్కడ దయకు తావు లేదు.

పందేల విషయంలో కొలత ఇంకా స్పష్టంగా పనిచేస్తుంది. మైసిర్‌ను, అంటే జూదాన్ని, మాయిదా సూరా మద్యంతో కలిపి నిషేధించింది. మనకు అందులో రెండో మాట లేదు. రాష్ట్రంలో 1974 నుండి జూద నిరోధక చట్టం ఉంది. 2020లో దానిని ఆన్‌లైన్ ఆటలకూ విస్తరించి, ఆడినవారికి కూడా జైలు పెట్టారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దారి వేరు. డబ్బు పందెం ఆటలు నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టి, ఆడి నష్టపోయినవారిని శిక్ష నుండి వదిలివేసింది. ఈ రెండవ దారే న్యాయానికి దగ్గర అని మా అభిప్రాయం. వల పన్నినవాడు, వలలో పడినవాడు ఒకటి కారు. ఫోనులో పందెం కాసి అక్క పెండ్లి బంగారం కుదువపెట్టిన పంతొమ్మిదేళ్ళ కుర్రవాడిపై కేసు పెడితే, కుటుంబానికి అప్పుతో పాటు వకీలు ఖర్చు కూడా చేరుతుంది. బుకీ మాత్రం మరొక ఊళ్ళో మరొక నంబరుతో కూర్చుంటాడు.

ఆ అప్పులే కొందరిని ప్రాణాలు తీసుకోవడం దాకా తీసుకుపోతాయి. ఆత్మహత్యాయత్నం చేసి బ్రతికినవాడికి ఏడాది వరకు జైలు అని పాత శిక్షాస్మృతి 309వ సెక్షను చెప్పేది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం దానిని దాదాపు నిర్వీర్యం చేసింది, కొత్త సంహితలో ఆ సెక్షనే లేదు. ఆత్మహత్య మహాపాపం. కానీ చావు అంచునుండి తిరిగివచ్చినవాణ్ణి ఠాణాకు ఈడ్చడం వలన ఎవరికి మేలు? సహీహ్ ముస్లింలో తుఫైల్ బిన్ అమ్ర్ (రజి) గారి సహచరుని హదీసు ఉంది. జబ్బు బాధ తాళలేక అతడు వేళ్ళ కణుపులు కోసుకుని చనిపోయాడు. కలలో చేతులు కప్పుకుని కనిపించాడు. ఆ సంగతి విన్న దైవప్రవక్త (సఅసం) అతని చేతులను కూడా మన్నించమని అల్లాహ్‌ను వేడుకున్నారు.

ఇంతవరకు రాజ్యం చేయి వెనక్కు తీసుకోవలసిన చోట్ల గురించి చెప్పుకున్నాము. చేయి చాచవలసిన చోట చాచకపోవడం కూడా అన్యాయమే. దానికి మన ప్రాంతం కంటె వేరే ఉదాహరణ అక్కరలేదు. జమ్మలమడుగు, పులివెందుల పేర్లు చెబితే బయటి జిల్లాలవారికి ఇప్పటికీ నాటుబాంబులు, వేటకొడవళ్ళు గుర్తుకు వస్తాయి. ఫ్యాక్షన్ హత్యల్లో సాక్షులు కోర్టుకు వచ్చి మాకేమీ తెలియదనడం, పెద్దల మధ్య రాజీ జరగడం ఎంతకాలం సాగిందో తెలియనివారు లేరు. ఖుర్ఆన్ హతుని వారసులకు క్షమించే హక్కు ఇచ్చింది కదా (బఖరా 178), రాజీలో తప్పేమిటి అని ఒక వాదం ఉంది. ఆ ఆయతు ఇచ్చినది స్వేచ్ఛగా క్షమించే హక్కు. ఇంటి ముందు జీపులు ఆగి ఉండగా పెట్టిన సంతకం క్షమాపణ కాదు, అది రెండవ దౌర్జన్యం. ఒక్క ప్రాణాన్ని అన్యాయంగా తీయడం మానవాళినంతా చంపడంతో సమానమని మాయిదా 32 చెబుతుండగా, మట్కా చీటీ రాసినవాడిపై పదిమంది పోలీసులూ, హత్య కేసులో సాక్షికి ఒక్క కానిస్టేబులూ లేని పాలన తన తూకం తానే చూసుకోవాలి.

ఇక మన ఇంటి విషయానికి వద్దాం. ఎక్కువసేపు నిలవవలసిన చోటు ఇదే.

ఒకే బైఠకులో మూడు తలాకులు చెప్పడం బిద్అత్ అనీ, పాపమనీ మన ఉలమాలో ఎవరికీ భేదం లేదు. అది మూడుగా చెల్లుతుందా, ఒకటిగానా అన్నదానిలోనే భేదం. దైవప్రవక్త (సఅసం) కాలంలోనూ, అబూబక్ర్ (రజి) కాలంలోనూ, ఉమర్ (రజి) ఖిలాఫత్ తొలి రెండేళ్ళలోనూ ఒకటిగానే లెక్కించేవారని ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. ఒకడు మూడూ ఒకేసారి చెప్పాడని విని దైవప్రవక్త (సఅసం) కోపంతో లేచి నిలబడి, నేను మీ మధ్య ఉండగానే అల్లాహ్ గ్రంథంతో ఆటలాడుతున్నారా అని మండిపడిన ఉల్లేఖనం నసాయీలో ఉంది. మన ఊళ్ళలో హనఫీ పద్ధతి ప్రకారం మూడుగానే చెల్లుతుందనేవారు ఎక్కువ. ఆ పద్ధతి చెల్లుతుందని మాత్రమే చెప్పింది, మంచిదని ఏనాడూ చెప్పలేదు.

2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురి మెజారిటీతో ఈ పద్ధతిని కొట్టివేసింది. 2019 జూలై 31న రాష్ట్రపతి సంతకంతో ముస్లిం మహిళల వివాహ హక్కుల రక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం అలాంటి తలాక్ నోటితో చెప్పినా, రాసినా, ఫోనులో పంపినా చెల్లదు. చెప్పిన భర్తకు మూడేళ్ళ వరకు జైలు, జరిమానా. ఫిర్యాదు భార్య గాని, రక్తసంబంధం లేదా వివాహ సంబంధం గల ఆమె బంధువులు గాని ఇవ్వాలి. బెయిలు ఇవ్వడానికి ముందు మేజిస్ట్రేటు ఆమె మాట వినాలి. ఆమె కోరితే మేజిస్ట్రేటు అనుమతితో రాజీకి వీలుంది. తనకు, పిల్లలకు భృతి కోరే హక్కు, మైనరు పిల్లలను తన దగ్గర ఉంచుకునే హక్కు ఆమెకు ఉన్నాయి.

ఈ చట్టాన్ని విమర్శించేవారు షరీఅత్‌లో దీనికి శిక్షే లేదని అంటుంటారు. ఆ మాట నిలవదు. మూడు తలాకులు ఒకేసారి చెప్పినవాణ్ణి తన ముందుకు తెస్తే ఉమర్ (రజి) కొరడాతో కొట్టేవారని ఉల్లేఖనాలు ఉన్నాయి. పాలకుడు తఅజీర్ విధించగల విషయమే ఇది. భార్యకు హాని జరిగింది, ఆమె హక్కు పోయింది, పని రహస్యం కూడా కాదు. కనుక మన కొలతలోని మొదటి రెండు ప్రశ్నలకు జవాబు రాజ్యం పక్షానే ఉంది. ఇది మింగుడుపడని మాట అయినా చెప్పక తప్పదు.

చిక్కు మూడవ ప్రశ్న దగ్గర వస్తుంది. శిక్ష వలన ఆమెకు ఏమి దక్కింది? ఉమర్ (రజి) శిక్ష వేసిన తరువాత ఆ స్త్రీని విడదీసి, తన దారి తాను చూసుకునేలా చేశారు. భర్త దెబ్బలు తిని ఇంటికి వెళ్ళి పని చేసుకున్నాడు, మహరు కట్టగలిగాడు. ఇప్పటి చట్టంలో తలాక్ చెల్లదు, వివాహం నిలిచే ఉంటుంది, భర్త జైలులో ఉంటాడు. రోజుకూలి చేసే మనిషి లోపల ఉంటే భృతి ఎక్కడి నుండి వస్తుంది? అతడు బయటికి వచ్చిన నాడు, తనను జైలుకు పంపిన భార్యతో కాపురం చేస్తాడా? ఫలం లేని మాటకు మూడేళ్ళ జైలు, మాట చెప్పకుండానే భార్యను పుట్టింట వదిలివేసి పోయినవాడికి భరణం కేసు మాత్రమే. వదిలివేసినవాడు ఏ మతస్థుడైనా లెక్క అదే. ఈ అసమానత నిజం. న్యాయంగా ఇంకొక మాటా చెప్పాలి. భార్య ఉండగా రెండో పెండ్లి చేసుకుంటే ఇతరులకు ఏడేళ్ళ వరకు జైలు, మనవారికి ఆ సెక్షను వర్తించదు. అసమానత గురించి మాట్లాడేటప్పుడు ఆ పేజీని మూసివేయకూడదు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. తలాక్‌ను చెల్లనిదిగా చేయడం, భృతికి, పిల్లలకు హామీ ఇవ్వడం రాజ్యం చేయదగిన పనులు. మూడేళ్ళ జైలు మాత్రం మితిమీరినది. ఆ స్థానంలో మహరు వెంటనే కట్టించడం, ఆస్తి జప్తు, గృహహింస చట్టం కింద నివాస ఉత్తర్వు వంటివి ఉంటే ఆమె చేతికి ఏదైనా వచ్చేది. జూదగాడి విషయంలో, తాగినవాడి విషయంలో మనం ఏ కొలత వాడామో ఇక్కడా అదే వాడాము. అక్కడ జైలు అడిగి ఇక్కడ వద్దనేవారికి ఈ మాట అనే అర్హత ఉండదు.

అయితే ఆ చట్టం ఊరకే పుట్టలేదు. తలాక్ కాగితం చేతికి ఇచ్చి, సామాను వీధిలో పెడితే, ఎన్నో ఊళ్ళలో ఆ స్త్రీ ముందుగా మసీదు కమిటీ దగ్గరకే వచ్చింది. చాలాచోట్ల ఆమెకు దొరికిన జవాబు, చెల్లిపోయింది తల్లీ, ఇక మేము చేసేదేముంది అన్నదే. భార్యాభర్తల మధ్య చెడినప్పుడు ఇరుపక్షాల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించమని నిసా 35 ఆదేశించింది. ఆ మధ్యవర్తులు ఎక్కడ? మహరు నికాహ్‌నామాలో అంకెగానే మిగిలిపోతే ఎవరు అడిగారు? ఇంటిలోపల న్యాయం చేసే మనిషి లేనిచోట, బయటి తలుపు తట్టే పోలీసును తప్పు పట్టలేము.

ఇప్పుడు చేయదగినవి ఉన్నాయి. నికాహ్ చదివించే ఖాజీ, ఒకేసారి మూడు తలాకులు చెప్పకూడదనే షరతును నికాహ్‌నామాలో రాయించవచ్చు. మహరు వీలైనంత వరకు అదే రోజు చెల్లింపజేయవచ్చు. వివాదం వచ్చిన ఇంటికి ఇద్దరు మధ్యవర్తులను, అందులో స్త్రీ పక్షాన నిజంగా మాట్లాడగలిగేవారిని, పంపవచ్చు. అప్పటికీ తెగకపోతే ఆమెకు కోర్టు దారి ఉంది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా సాధారణ భరణం సెక్షను కింద అడగవచ్చునని, తెలంగాణ నుండి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2024 జూలై 10న స్పష్టం చేసింది. ఇప్పుడు అది నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షను. నోటీసు అందిన అరవై రోజుల్లో మధ్యంతర భరణం వీలైనంతవరకు తేల్చాలని అందులోనే ఉంది. దావా ఆమె నివసించే ఊళ్ళోనే వేయవచ్చు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడింటిలోనూ కోర్టులు ఉన్నాయి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకి ఉచితంగా వకీలు దొరుకుతాడు. నికాహ్‌నామా నకలు, ఆధార్, పిల్లల జనన ధ్రువపత్రాలు వెంట ఉండాలి. మొదటి వాయిదా రోజున ఆమెతో పాటు మొహల్లా నుండి ఒక పెద్దమనిషి, ఒక పెద్దావిడ కోర్టు వరండాలో కూర్చుంటే బాగుంటుంది.